రాని పిల్లలు తప్పిన పరీక్ష

మా ఊరి బడిలో ఏడో తరగతి ఎత్తేశారు. పరీక్షకు రాని పిల్లల్ని పరీక్ష తప్పిన పిల్లలుగా లెక్కగట్టి, ఆ లెక్క మీద బడి పనికిమాలినదని రాసి, ఎత్తేశారు. రాసి తప్పినవాళ్లు అసలే లేరా అంటే ఉన్నారు, ఒకరో ఇద్దరో. మిగిలినవాళ్లంతా ఆ పొద్దున చేలల్లో ఉన్నారు. చేలో నాగలి పట్టుకుని ఉన్న పిల్లవాడు ఏ ప్రశ్నకు తప్పు జవాబు రాశాడో నాకు ఈనాటికీ ఎవరూ చెప్పలేదు. నేను అడగని ఆఫీసు లేదు.

జహీరాబాదు నుంచి ఝరాసంగం పోయే దోవ దిగి, కంది చేల గట్ల మీద నడిస్తే వచ్చే ఊరు మాది. మా తాలూకా మొదట బీదరు జిల్లాలో ఉండేది. రాష్ట్రాలు మారినప్పుడు మమ్మల్ని మెదక్ జిల్లాలో కలిపారు. నా చిన్నప్పుడు బడిలో చదువు ఉర్దూలో నడిచేది. నేను రెండో తరగతి పూర్తి చేయకముందే మా అయ్య నన్ను జీతానికి పెట్టాడు కనుక నాకు వచ్చిందల్లా కొంచెం ఉర్దూ. తెలుగు అక్షరాలు మా చెల్లె పలక మీద నేర్చుకున్నాను. ఆమె బడిలో చేరేనాటికి నేను మీసం వచ్చిన మనిషిని, జహీరాబాదులో ఒక సైకిల్ షాపులో పంక్చర్లు వేస్తూ, కిరాయి సైకిళ్లు చూసుకునేవాణ్ణి. సాయంత్రం ఇంటికి రాగానే చెల్లె పలక పట్టుకుని నా ముందు కూర్చునేది. నా రాత చూసి ఒకటే నవ్వు. "అన్నా, నీ అక్షరాలు ఇంక గా పక్కకే ఉరుకుతున్నయే," అనేది. ఉర్దూ రాసిన చేతి అలవాటు పోక నేను కుడి చివర నుంచి మొదలుపెట్టేవాణ్ణి మరి.

జీతం అంటే ఈ కాలం వాళ్లు నెల జీతం అనుకుంటారు. మా దగ్గర జీతమంటే ఉగాది నుంచి ఉగాది దాకా భూములున్న ఒక పటేలు ఇంట పనికి కుదరడం. కుదిరినవాడు జీతగాడు. వాడికి ఏడాదికిన్ని జొన్నలు, ఒక గొంగడి, ఒక జత చెప్పులు. పదేళ్ల పిల్లలు కూడా కుదిరేవాళ్లు. జీతగాడికి జ్వరమొస్తే పని ఆగకూడదు గనుక ఆ రోజుకు వాడి తమ్ముడో, చిన్నాయన కొడుకో పోయి నిలబడాలి. దీన్ని బదులు పోవడం అనేవాళ్లు. బదులు వచ్చినవాణ్ణి పటేలు ఏమీ అనడు. ఆ ఇంటి మనిషి వచ్చాడంటే ఆ ఇల్లు మాట నిలబెట్టుకున్నట్టే.

ఇలాంటి ఊరికి ఒక సారు వచ్చాడు. మంచివాడని నేను చెప్పను. చెవి మెలిపెట్టాడంటే పొద్దుగూకేదాకా మండేదట. మాట కటువు, నోట్లో ఎప్పుడూ జర్దా. కానీ ఆయన ఒక పని చేశాడు, అది ఆ చుట్టుపక్కల ఎవరూ చేయలేదు. మధ్యాహ్నం ఎడ్లను నీడకు కట్టేసి మేత వేసే వేళకు జీతగాళ్లకు కాస్త తీరిక దొరుకుతుంది. ఆ వేళకు వాళ్లను బడికి రమ్మన్నాడు. వచ్చినవాళ్ల పేర్లు హాజరీ పట్టీలో ఎక్కించాడు. గొంగడి భుజాన వేసుకుని, కాళ్లకు మట్టితో వచ్చి కూర్చునేవాళ్లు. ఎడ్లు లేచే వేళకు లేచి పోయేవాళ్లు. ఆరో తరగతికి వచ్చాక మా చెల్లె ఆ వేళ ఇంటికి బువ్వకు రావడం మానేసి వాళ్ల మధ్య కూర్చుని పాఠాలు చదివించేది. ఆమెకంటే వయసులో పెద్ద పిల్లలు ఆమెను పంతులమ్మా అని ఎక్కిరిస్తూనే ఆమె చెప్పింది రాసుకునేవాళ్లు.

మా బడికి ఏడో తరగతి ఇచ్చిందే షరతు మీద. రెండేళ్లు చూస్తాం, ఫలితాలు బాగుంటే ఉంచుతాం, లేకుంటే తీసేస్తాం అన్నారు. ఏడో తరగతి చివర పెద్ద పరీక్ష ఉండేది, దాన్ని జహీరాబాదు వెళ్లి రాయాలి. మొదటి ఏడాది రాసినవాళ్లలో దాదాపు అందరూ గట్టెక్కారు. కానీ పట్టీలో ఉన్న పేర్లలో సగం మంది రాయనే లేదు. పరీక్షలు సరిగ్గా ఉగాది దగ్గర పడ్డాయి, కొత్త జీతాలు కుదిరే రోజులు. రానివాళ్లందరినీ తప్పినవాళ్లలో కలిపారు. బడి శాతం నేల మీదికి వచ్చింది.

ఎండలు తగ్గకముందే, బడి మళ్లీ తెరిచిన కొత్తలో, బడుల ఇన్‌స్పెక్టర్ సాబ్ మా షాపులోనే సైకిల్ కిరాయికి తీసుకున్నాడు. దోవ చూపించడానికి నన్ను వెంట పంపారు. బడి అరుగు మీద ఆయనకూ సారుకూ నడిచిన మాటలు నేను స్తంభం పక్కన నిలబడి విన్నాను. ఆయన మీద నాకు కోపం లేదు, మంచి మాటే చెప్పాననుకున్నాడు.

"జనవరిలనే పేర్లు కొట్టేయాలె పంతులూ. అందరు గదే చేస్తున్రు. నువ్వొక్కనివి ఉంచుకొని ఏం జేస్తవ్?"

"కొట్టేస్తే మళ్ల బడి గడప ఎక్కరు సాబ్. పేరున్నదనే గా పోరగాళ్లు పగటీలి వస్తున్రు."

"వచ్చి ఏం జదువుతున్రు గంట సేపట్ల?"

"అడుగుండ్రి మీరే."

ఆయన అడగలేదు. ఎండ ముదురుతున్నదని లేచాడు. పోతూ పోతూ, పర్సెంటు పోతే దాని వెంట తరగతి పోతుందని, తర్వాత తనను అనవద్దని చెప్పాడు. ఆ వేళకే జీతగాళ్లు ఒక్కొక్కరే వస్తున్నారు. ఆయన సైకిల్ వాళ్ల పక్క నుంచే పోయింది.

అందరూ అదే చేస్తున్నారన్న మాట నిజం. అది నాకంటే బాగా తెలిసినవాళ్లు ఉండరు, ఎందుకంటే మా షాపు ఎదురుగానే పట్నం బడి. జహీరాబాదుకే గొప్ప పేరున్న బడి. చలికాలం రాగానే అక్కడ ఒక పరీక్ష పెట్టేవాళ్లు, పెద్ద పరీక్షకు ఎవరిని పంపాలో తేల్చే పరీక్ష. అందులో వెనకబడ్డవాళ్ల పేర్లు తీసేసి, ప్రైవేటుగా కట్టుకోండి అని బయటికి పంపేవాళ్లు. ఆ పిల్లలు ఇంటికి పోయే మొహం లేక మా షాపు బెంచీ మీద కూర్చునేవాళ్లు. వాళ్లలో ఒక చలాకీ పిల్లగాడు నాతో అన్నాడు, "నేనొక్కన్ని బయటికొస్తే మా బడి మొత్తం తెలివిగల్లదైతదట అన్నా. నాకు ఇనాం ఇయ్యాలె అసలు." ఆ ఏడు ఆ బడికి తప్పినవాడే లేడని గోడకు కాగితం అంటించారు. జనం నిలబడి చదివి, బడి అంటే ఇదీ అనుకున్నారు. ఆ కాగితం అంటించిన గోడకు ఎదురుగా బెంచీ మీద కూర్చున్నవాళ్లను ఏ శాతంలో కలిపారో ఎవరికీ పట్టలేదు.

రెండో ఏడాది మా సారు ఒక్క పేరూ కొట్టేయలేదు. కానీ తరగతి నిలబడాలన్న తపన ఆయనకూ ఉంది. ఉగాదికి ముందు ఇల్లిల్లూ తిరిగాడు. పరీక్షకు పేరున్నవాడు రాకుంటే వాడు తప్పినట్టే లెక్క, అలా ఖాళీలు పడితే మన ఊరికి ఏడో తరగతి ఉండదు అని ప్రతి గడప ముందూ చెప్పాడు. పటేళ్ల దగ్గరకు పోయి, పరీక్ష ఉన్నన్ని రోజులు పిల్లల్ని వదలమని అడిగాడు. ఒక పటేలు ఆయనకు గ్లాసెడు మజ్జిగ ఇచ్చి, "కొత్త జీతగాడు మొదటి నాడే నాగలి పట్టకపోతే ఏడాదంత మంచిగుండదు పంతులూ. పరీక్షదేముంది, జర ఎనకకు జరుపమనుండ్రి," అన్నాడట. ఇంకో పటేలు వదులుతానన్నాడు గానీ, వదిలితే ఆ ఏటి జొన్నలు ఎక్కడ తగ్గుతాయోనని పిల్లవాడి అవ్వే, కన్నతల్లే ఒప్పుకోలేదు. ఆమెను ఏమనగలం. జొన్నలు ఉంటేనే ఇంట్లో పొయ్యి వెలిగేది.

పరీక్ష నాడు పిల్లల్ని రెండు బండ్ల మీద జహీరాబాదు తీసుకొచ్చాం. ఎన్నడూ లేనంత మంది ఉన్నారు. సారు మొహం వెలిగింది. లెక్కకు సరిపోయారనుకున్నాడు, ఎవరెవరు ఎక్కారో మొహాలు చూడలేదు. ఆయన ముందు బండిలో ఉన్నాడు, చిన్నపిల్లలు వెనక బండిలో గొంగళ్లు కప్పుకుని ఉన్నారు. మా చెల్లె కూడా వచ్చింది. వచ్చే ఏడు తను రాయబోయే చోటు చూసుకుంటానని పట్టుబట్టింది. పట్నం బడి గేటు దగ్గర నిలబడి, లోపలి గదులను తేరిపార చూసి, "గా కిటికీ కాడ కూసుంట అన్నా, గాలొస్తది," అంది.

ఆ కిటికీ గుండానే నేను చూశాను జరిగిందంతా.

గదిలో కాపలా ఉన్న సారు పేర్లు పిలుస్తున్నాడు. ఒక పేరు పిలవగానే బాగా చిన్న పిల్లవాడు లేచి నిలబడ్డాడు. బెంచీ మీద కూర్చుంటే కాళ్లు నేలకు అందని వయసు. ఆయన మళ్లీ పేరు చదివి, నువ్వేనా అని అడిగాడు.

"కాదు సార్. మా అన్న జీతానికి పోయిండు. నేను బదులొచ్చిన."

గదంతా నవ్వారు. ఆ సారు కూడా నవ్వాడు. నవ్వుతూనే, ఏడో తరగతి లెక్కలు చేయనీకి వస్తదా నీకు అన్నాడు.

"లెక్కలు రావు సార్. మా అన్న పేరు రాయొస్తది."

వెనక వరసలో ఇంకొకడు లేచాడు, వాడూ బదులే. తర్వాత ఇంకొకడు. దాచాలన్న ఆలోచన ఒక్కడికీ లేదు. అందరూ తమ సొంత పేర్లే చెప్పారు, అన్నల పేర్లు వేరేగా చెప్పారు. సారు ఇల్లిల్లూ తిరిగి ఖాళీ పడొద్దని చెబితే, ఆ ఇళ్లు తమకు తెలిసిన పద్ధతిలో ఖాళీ పడకుండా చూశాయి. పటేలు దగ్గర చెల్లేది సర్కారు దగ్గర చెల్లదని వాళ్లకు ఎవరు చెప్పారు? కాపలా సారు నవ్వడం మానేశాడు. బయటికి పోయి పెద్ద సారును పిలుచుకొచ్చాడు. ఒకరికి బదులు ఒకరు పరీక్ష రాయబోయారని కాగితం రాశారు. చిన్నపిల్లల్ని రెక్క పట్టి గేటు బయట నిలబెట్టారు. వాళ్లు ఏడవలేదు, తాము చేసిన తప్పు ఏమిటో తెలియక మొహమొహాలు చూసుకుంటూ మా షాపు బెంచీ మీద కూర్చున్నారు. మా సారు రోడ్డు పక్క మోరీ గట్టు మీద కూర్చున్నాడు. జర్దా డబ్బీ తీసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

ఎండాకాలం సెలవులు అయ్యాక కాగితం వచ్చింది. శాతం తక్కువ, పైగా మోసం. రెంటికీ కలిపి ఏడో తరగతి రద్దు. సారును రాయికోడ్ అవతల ఒక ఊరికి మార్చారు. ఆయన పోయేనాడు ఆ బదులు పిల్లవాడి అవ్వ కండ్లొత్తుకుంటూ వచ్చి, "మేము పంపినం గద సారూ, ఖాళీ పెట్టలే గద," అంది. ఆయన ఆమెకు దండం పెట్టి బండెక్కాడు. మధ్యాహ్నం చదువు ఆ రోజుతో ఆగిపోయింది. కొత్తగా వచ్చిన పంతులు మొదటి పనిగా పట్టీలో జీతగాళ్ల పేర్లు కొట్టేశాడు. బడి బాగుపడిందని తర్వాతి ఏడు ఇన్‌స్పెక్టర్ రాశాడని విన్నాను.

అప్పటికి మా చెల్లె ఆరు పాసైంది. నేను ఆమెను పట్నం బడిలో చేర్పిద్దామనుకున్నాను. పొద్దున నా సైకిల్ మీద తీసుకొచ్చి, సాయంత్రం తీసుకుపోవచ్చు. మా అయ్య గొణిగాడు గానీ అడ్డం రాలేదు. జూన్‌లో ఒక పొద్దున ఆమె ఉతికిన లంగా వేసుకుని, నూనె పెట్టి జడ వేసుకుని నా వెంట వచ్చింది. పెద్ద సారు గదిలో ఆమె టీసీ బల్ల మీద పెట్టాను. ఆయన ఊరి పేరు చూసి కళ్లద్దాలు పైకి జరుపుకున్నాడు.

"గా బదులు బడి పిల్లనా?"

నేను, పిల్ల బాగా చదువుతుందని, ఒక్కసారి చూడమని బతిమాలాను. చెల్లె నాకంటే ధైర్యంగా ముందుకు జరిగింది.

"సార్, నన్నొక లెక్క అడుగుండ్రి. రాకుంటే పోత."

"నిన్నెందుకమ్మా అడగాలె. మీ బడి ఎట్లుందో మాకు ఎరుకే." ఆయన మాటలో కసురు లేదు. టీసీ మడిచి నా చేతికిచ్చాడు. ఐదో తరగతిలో కూర్చుంటే ఆలోచిస్తానన్నాడు. వాళ్ల బడి పేరు కూడా చూసుకోవాలి గదా అన్నాడు.

పాసైన తరగతి మళ్లీ చదవడానికి, అదీ తనకంటే చిన్నపిల్లల మధ్య కూర్చోవడానికి చెల్లె ఒప్పుకోలేదు. ఒప్పుకోమని నేనూ అనలేదు. తిరిగి వచ్చేటప్పుడు టీసీ తనే పట్టుకుని సైకిల్ వెనక కూర్చుంది. ఊరు దగ్గరికి వచ్చాక, "మన సారు ఉంటే వచ్చే ఏడన్న మళ్ల తెస్తుండె గద అన్నా, తరగతి?" అని అడిగింది. మనమే తెస్తాం అన్నాను. అప్పటి నుంచి నా తిరుగుడు మొదలైంది.

మొదట పంచాయతీ సమితి ఆఫీసు. అప్పట్లో బడులు సమితి కిందకు వచ్చాయి. అక్కడ బడుల సంగతి చూసే అధికారి ఓపికగానే విన్నాడు. రాసినవాళ్లు ఎందరు, పాసైనవాళ్లు ఎందరు చూడండి సార్, రానివాళ్లను పక్కన పెట్టండి అన్నాను. రాకపోవడం కూడా బడి తప్పే అన్నాడు. మరి పట్నం బడి చలికాలంలోనే పిల్లల్ని రాకుండా చేస్తుంది గదా అంటే, వాళ్ల పేర్లు పట్టీలో లేవు గనుక వాళ్లు రానట్టు కాదు అన్నాడు. పేరు ఉంచుకున్న సారుది నేరమా అని అడిగాను. ఆయన పెన్ను మూత పెట్టి నా వైపు జాలిగా చూశాడు.

"మాకు వందల బడులున్నయి. అన్నిటి కాడికి పోయి కూసోని చూస్తమా? పర్సెంటు చూసి చెప్తం. ఇంకెట్ల చెప్పాలె, నువ్వే చెప్పు."

నేను చెప్పాను. పరీక్ష వద్దని నేను ఆనాడూ అనలేదు, ఈనాడూ అనను. పిల్లవాడికి ఏం వచ్చో పరీక్ష కొంత చెబుతుంది. బడి వాడికి ఏం చేసిందో తెలియాలంటే, వాడు గడప ఎక్కిన నాడు ఏమి వచ్చో తెలియాలి, వాడు మిగిలిన పొద్దంతా ఎక్కడ ఉంటాడో తెలియాలి, ఇంకా ఎందరిని ఆ గడప బయట నిలబెట్టారో తెలియాలి. మా ఊళ్లో గొంగడి భుజాన వేసుకుని వచ్చిన పిల్లవాడు ఏడాదిలో బస్సు మీది ఊరి పేరు చదివి ఎక్కేవాడు. వాడి అయ్య ఆ బస్సు ఎటు పోతుందో కండక్టర్‌ను అడిగేవాడు. పట్నం బడి పిల్లవాడు చదువుకున్న ఇంటి నుంచి చదువుకోవడానికి వస్తాడు. ఇద్దరినీ ఒకే గీత దగ్గర నిలబెట్టి, గీత దాటినవాడి బడి మంచిదంటే, ఆ మంచిలో బడి పాలు ఎంత, ఇంటి పాలు ఎంత? ఇదంతా ఇంత సరిగ్గా అప్పుడు చెప్పలేకపోయాను, తడబడ్డాను. ఆయన దరఖాస్తు రాసివ్వమన్నాడు.

రాశాను. సమితికి రాశాను, తర్వాత సంగారెడ్డిలో జిల్లా ఆఫీసుకు రాశాను, షాపుకు సెలవు పెట్టి బస్సెక్కి పోయి చేతికి ఇచ్చాను. నాకు వచ్చిన ఈ రాత తెలుగంతా ఆ దరఖాస్తులు రాసి రాసి వచ్చిందే. మొదట్లో చెల్లె తప్పులు దిద్దేది. పలక అవతల పెట్టి కాగితం మీద వంగి, "విన్నపం అని రాయాలె, ఇజ్ఞాపన గాదు," అని కోప్పడేది. జవాబు ఎప్పుడొస్తుందని రోజూ అడిగేది. ఆ తర్వాత వారానికోసారి అడిగేది. కందికి కలుపు తీసే రోజుల్లో అవ్వ వెంట చేలకు పోవడం మొదలుపెట్టింది, ఊరికే కూర్చోవడం ఎందుకని. పత్తి ఏరే రోజుల్లో కూడా పోయింది. తర్వాత అడగడం మానేసింది. జీతగాళ్లలో ఆమె చదివించినవాళ్లు చేలో కనబడితే పంతులమ్మా అని పిలిచేవాళ్లు. అప్పుడు అందులో ఎక్కిరింపు లేదు, అందుకే ఆమె తల వంచుకునేది.

ఏళ్లు గడిచాయి. చెల్లెను చిరాగ్‌పల్లి దిక్కు ఇచ్చాం. మంచి మనుషులే. ఒకసారి చూడబోయినప్పుడు, ఆమెకు ఇష్టమని షాపులో మిగిలిన పత్రిక ఒకటి చేతిలో పెట్టాను. కాసేపు అటూ ఇటూ తిప్పి నాకే ఇచ్చేసింది.

"నువ్వే సదువు అన్నా. నాకు అక్షరాలు కూడబలుక్కోవాల్సొస్తున్నది."

నేను చదివాను. ఆమె పొయ్యి దగ్గర రొట్టె చేస్తూ విన్నది. నాకు అక్షరాలు నేర్పిన మనిషికి నేను చదివి వినిపిస్తున్నానని ఆమెకు తోచిందో లేదో నాకు తెలియదు. నేను ఆ రోజు రొట్టె తినలేకపోయాను.

అలా తిరిగి వచ్చిన కొద్ది రోజులకే జిల్లా ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. ఆ రోజుల్లో ఆఫీసు జవాబులు ఎక్కువగా ఇంగ్లీషులో వచ్చేవి, చదివి చెప్పమని ఎవరినైనా పట్టుకోవాల్సి వచ్చేది. నా జవాబు మాత్రం తెలుగులో వచ్చింది. షాపు ముందు, ఆ బెంచీ మీదే కూర్చుని, ఒకరి సాయం లేకుండా నేనే చదువుకున్నాను.

"మీ విన్నపము పరిశీలించడమైనది. సదరు గ్రామ పాఠశాల యందు ప్రస్తుతము ఏడవ తరగతి గాని, ఆ తరగతి విద్యార్థులు గాని లేనందున, ఉత్తీర్ణతా శాతమును తిరిగి లెక్కించు ప్రశ్న ఉత్పన్నము కాదు. ఈ విషయమై ఇకపై వ్రాయవలదని తెలియజేయడమైనది."